కొండ మలుపులు – ఎత్తు బండ్లు

శ్రీకూర్మం చుట్టుపట్ల రోడ్లు సముద్రతీరపు చదును నేల మీదివి. వాటిపై ఏ బండియైనను బుద్ధిగానే నడుచును. బండి గుణము తెలియవలెనన్న శృంగవరపుకోట దాటి, అనంతగిరి మీదుగా అరకు ఎక్కవలెను. ఆ విహారయాత్రకు నేడు మన విద్యార్థులు ఎస్‌యూవీలనే కోరుచున్నారు. ఎత్తున కూర్చుందుము, దారి బాగుగా కనిపించును, గోతులకు వెరవనక్కరలేదు. ఇవన్నియు నిజమే. కాని ఆ ఎత్తే మలుపులో శత్రువగును.

బండి తిరుగునప్పుడు టైర్లు రోడ్డును పట్టుకొని లోపలికి లాగును. పైనున్న బరువు తిన్నగా పోజూచును. గరిమనాభి ఎత్తైన కొలది బండి వెలుపలికి ఒరుగును. ఎడమ, కుడి చక్రముల నడుమ వెడల్పులో సగమును గరిమనాభి ఎత్తుతో భాగించిన వచ్చు అంకె సాధారణ కార్లకు సుమారు 1.3 నుండి 1.5, ఎస్‌యూవీలకు 1.0 నుండి 1.3 మాత్రమే. అదే మలుపులో వేగము 20 కిలోమీటర్ల నుండి 40కి పెరిగిన, పక్కకు లాగు బలము రెట్టింపు కాదు, నాలుగింతలు. (కూర్మనాథాలయములో పెంచు నక్షత్ర తాబేళ్లు ఈ లెక్క నేర్వకయే నేలనంటి నడుచుచున్నవి!)

స్థిరత్వ నియంత్రణ పరికరమున్నది కదా యని కొందరందురు. అది ఒక్కొక్క చక్రమునకు విడిగా బ్రేకు వేసి బండిని దారికి తెచ్చును, మెచ్చవలసినదే. టాపు మీద కట్టిన పెట్టెల బరువును మాత్రము దింపలేదు. పదిమంది సామాను అట్లు నెత్తికెత్తించి బయలుదేరుట మేము చూచితిమి. బండి మాట్లాడునప్పుడు మనవారు బేరమాడునది అద్దె ఒక్కటే. సామాను లోపల అడుగున పెట్టవలెననియు, మలుపు రాకమునుపే వేగము తగ్గించవలెననియు, దిగుడులో బండిని న్యూట్రల్‌లో వదలరాదనియు డ్రైవరుతో ముందుగనే ఒప్పించవలెనని కళాశాల సంఘము వారిని కోరుచున్నాము.