టిక్ టిక్ అంటే ఫొటోలు ముందు!

లాప్‌టాప్‌లోంచి చప్పుడొస్తోందా? అది ఫ్యానో, హార్డ్‌డిస్కో ముందు తేల్చుకోండి. ఫ్యానైతే వేడెక్కేకొద్దీ 'బుయ్'మంటుంది. దుమ్ము దులిపిస్తే చాలావరకు తగ్గుతుంది. ఎస్‌ఎస్‌డీ ఒక్కటే ఉంటే డిస్క్‌ని అనుమానించక్కర్లేదు, దాన్లో తిరిగేదేమీ ఉండదు.

హార్డ్‌డిస్క్ సంగతి వేరు. చాలా లాప్‌టాప్‌లలో అది నిమిషానికి 5400 సార్లు తిరుగుతుంది. దాని మీద, వెంట్రుక మందంలో వెయ్యో వంతు కూడా లేని ఎత్తులో హెడ్ కదులుతుంటుంది. సన్నగా గరగరమంటే పని చేసుకుంటోందని. ఎప్పుడో ఒక 'టిక్' అంటే హెడ్ పక్కకెళ్లి పడుకుందని. కంగారొద్దు. కానీ 'టక్... టక్... టక్' అని ఒకే లయలో కొడుతూ, ఫైల్ తెరిస్తే స్క్రీన్ బిగుసుకుపోతోందంటే డిస్క్‌కి రోజులు దగ్గరపడ్డట్టే.

మొన్న మా పిన్ని కొడుకు అలాంటిదే పట్టుకొచ్చాడు. "అన్నా, చెక్‌డిస్క్ కొట్టి చూడు" అన్నాడు. అందరూ చెప్పే సలహా అదే. నాకు మాత్రం అస్సలు నచ్చదు. అది డిస్క్‌ని గాలిస్తుంది, ఆ శ్రమకే మిగిలిన ప్రాణం పోవచ్చు.

"దాన్లో ఇంకెక్కడా లేనివి ఏమున్నాయ్‌రా?"

"నాన్న ఫొటోలు."

బాబాయ్ ఇప్పుడు లేరు. ఎక్స్‌టర్నల్ డ్రైవ్ పెట్టి ముందు ఆ ఫోల్డరొక్కటే లాగాం. తర్వాత ప్రాజెక్టు. సినిమాల జోలికి పోలేదు. ప్రాజెక్టు సగంలో ఉండగా డిస్క్ ఆగిపోయింది, మళ్లీ లేవలేదు. రిపోర్టు వాళ్ల గైడ్‌కి పంపిన మెయిల్‌లో దొరికిందిలెండి.

ఫొటోలు కూడా రాకపోయుంటే? వెంటనే ఆపేసి డేటా రికవరీ వాళ్లకిచ్చేవాణ్ని. ఇంట్లో స్క్రూలు విప్పితే మాత్రం ఒక్క దుమ్ము కణం చాలు.