బావగారి పెన్సిలు

మొన్న వేసవిలో మూడు వారాలు సెలవు పెట్టి అమెరికా వెళ్లివచ్చాను. "నయాగరా చూశావుటోయ్?" అని ఆఫీసులో అడగనివాడు పాపాత్ముడు. చూడలేదు. వెళ్లింది మా బావగారిని చూడడానికి. అదీ మేనల్లుడు టిక్కెట్టు కొని పంపాడు గనక.

అక్కయ్య పోయి రెండేళ్లయింది. బావగారు బరంపురంలో ముప్ఫయ్యేళ్లు లెక్కల మాస్టారుగా చేసి రిటైరయిన మనిషి. ఒంటరిగా ఎందుకని కొడుకు తనతో తీసుకుపోయాడు. నార్త్ కరొలైనాలో కేరీ అని చక్కని వూరు. వెంకటేశ్వరస్వామి కోవెల వుంది, తెలుగువాళ్లున్నారు, ఇంట్లో దేనికీ లోటు లేదు. కాని పొద్దున్నే కొడుకూ కోడలూ పనుల్లోకి పోతారు. తొమ్మిదేళ్ల మనవడికి తెలుగు అర్థమవుతుందిగాని నోట రాదు. బావగారికి ఇంగ్లీషు పుస్తకం చదవడం వచ్చుగాని ఆ పిల్లవాడి ఇంగ్లీషు చెవికి అందదు. తాతా మనవడూ ఎదురుపడితే నవ్వుకుంటారు, అంతే. నేను దిగిన రాత్రే ఆయన గొంతు తగ్గించి, "నువ్వు వెళ్లేటప్పుడు నన్ను కూడా తీసుకుపోవోయ్" అన్నారు.

ఆ మాట మేనల్లుడితో చెప్పలేకపోయాను. "ఒక రోజు అందరం కలిసి ఎక్కడికైనా పోదాం" అని మాత్రం అన్నాను. వాడు కాసేపు ఆలోచించి, డర్హాంలో బేస్‌బాల్ ఆటకు పోదామన్నాడు. మనకు తెలియని ఆట! పెద్దాయన నాలుగు గంటలు కుర్చీలో కూర్చుంటారా? అయినా మనవడికి ఆ ఆటంటే ప్రాణం. సరే, ఫైలు తెరిచాను. మన ఇళ్లలో చాలామంది పిల్లల దగ్గరికి ఆ దేశం పోతూ వున్నారు గనక, కనుక్కున్న సంగతులు వారికోసం రాస్తున్నాను.

అక్కడ పెద్ద లీగుకి దిగువన మైనర్ లీగులని మెట్లున్నాయి. డర్హాం బుల్స్ జట్టు పై మెట్టుమీద వుంటుంది. దానికి పైన టాంపా బే రేస్. టిక్కెట్టు ధర పెద్ద లీగు కంటే చాలా తక్కువ, జనం అందుబాటులో వుంటారు. 2021 నుంచి ఈ లీగుల్లో సాధారణంగా మంగళవారం మొదలు ఆదివారం దాకా ఒకే జట్టుతో ఆరు ఆటలు, సోమవారం సెలవు. మేము శుక్రవారం సాయంకాలం ఆట ఎంచుకున్నాం. మర్నాడు బడి లేదు, ఆట అయ్యాక బాణసంచా కాలుస్తారని మనవడి సిఫారసు.

కుర్చీలు ఎంచడంలోనే సగం పని వుంది. బావగారికి మోకాళ్ల నొప్పి; అంచేత పై వరుసలో, నడవ పక్కన, మరుగుదొడ్డికి దగ్గరగా తీసుకున్నాం. ముసలివాళ్లూ పిల్లలూ వున్నప్పుడు వల వెనక కూర్చోవడమే క్షేమం. గట్టి బంతి ఎగిరి జనంమీద పడుతుంది, ఎవరి నెత్తిమీదనో ముందుగా చెప్పదు. సాయంత్రం ఎండ ఏ వైపు పడుతుందో టిక్కెట్టు కొనేటప్పుడే అడగాలి. పులిహోర కట్టుకుపోదామని మేనకోడలు అన్నది. ఇలాంటి చోట్లకు బయటి తిండి సామాన్యంగా రానివ్వరు. కాబట్టి అది పొద్దుటి పూటకు సరిపెట్టాం. డ్యూక్ విశ్వవిద్యాలయంవారి తోటలో, యాభై అయిదు ఎకరాలట, చెట్టు కింద కూర్చుని తిన్నాం. ప్రవేశానికి డబ్బు లేదు. మధ్యాహ్నం ఇంటికి వచ్చి నిద్రపోయాం. ఈ నిద్ర మానవద్దు, పెద్దవాళ్ల సంగతి దీనిమీదే ఆధారపడి వుంది. ఆటస్థలంలో శాకాహారులకు వేయించిన వేరుసెనక్కాయలు, మొక్కజొన్న పేలాలు, బంగాళాదుంప వేపుడు దొరుకుతాయి. హాట్ డాగ్ జోలికి పోవద్దు, అది మాంసం.

ఆట పక్కనే పాత సిగరెట్ల ఫ్యాక్టరీ వుంది. డర్హాం పొగాకు వూరు. 1902లో పుట్టినప్పుడు ఈ జట్టు పేరు కూడా పొగాకు వర్తకులనే. ఫ్యాక్టరీ 1987లో మూతపడింది. 2004 నుంచి ఆఫీసులూ ఫలహారశాలలూ అయింది. లక్కీ స్ట్రైక్ అన్న అక్షరాలతో పొగగొట్టం ఇంకా నిలబడి వుంది. బావగారు దానికేసి చూసి, చిన్నప్పుడు చీరాల దగ్గర మేనమామగారి వూళ్లో పొగాకు బేరన్ల వాసన జ్ఞాపకం వచ్చిందన్నారు. ఆ రోజు ఆయన తనంతట తాను ఎత్తిన మొదటి మాట అది.

లోపల గోడమీద పెద్ద కొయ్య ఎద్దు వుంది. బుల్స్‌వాడు హోమ్ రన్ కొడితే దాని కళ్లు ఎర్రబడతాయి, ముక్కులోంచి పొగ వస్తుంది. బంతి ఎద్దుకు తగిలితే మాంసం బహుమతి, దాని కాళ్లకింది గడ్డికి తగిలితే కూరాకుల పళ్లెం అని రాసి వుంది. "నేనైతే గడ్డికే గురిపెడతాను" అన్నారు బావగారు. కొడుకు దాన్ని ఇంగ్లీషులోకి మార్చి చెప్పేసరికి మనవడు పకపకా నవ్వాడు.

అసలు సంగతి పెన్సిలు. మేనల్లుడు ఇంట్లో గళ్ల కాగితం ఒకటి అచ్చు తీసి తెచ్చాడు. ఆట లెక్క రాసుకోవడానికి. గుమాస్తాను గనక నేను ఆశగా అందుకోబోయాను, బావగారు లాక్కున్నారు. మైదానంలో తొమ్మిదిమందికీ తొమ్మిది అంకెలు: బంతి విసిరేవాడు 1, పట్టేవాడు 2, మొదటి బేసువాడు 3, ఇలా. ఆరో నెంబరువాడు బంతి అందుకుని మొదటి బేసుకి విసిరి ఔటు చేస్తే 6-3 అని రాస్తారు. మూడు మంచి బంతులు తప్పిపోయి ఔటయితే కె. హెన్రీ ఛాడ్విక్ అనే పత్రికా రచయిత పందొమ్మిదో శతాబ్దంలో పెట్టిన గుర్తు అది.

మనవడు వేళ్లు చూపిస్తాడు: ఆరు, మూడు. బావగారు రాస్తారు. రెండో ఇన్నింగ్సులో ఆయనకు అభ్యంతరం వచ్చింది. రెండో బేసువాడు 4, మూడో బేసువాడు 5, వాళ్లిద్దరి మధ్య నిలబడ్డవాడు 6 ఎలా అవుతాడు? వరుస తప్పింది! కాగితంమీద బొమ్మ వేసి, 5 కొట్టేసి చూపించారు. పిల్లవాడు తల అడ్డంగా వూపి మళ్లీ 5 రాశాడు. ఆ గొడవ నాలుగో ఇన్నింగ్సు దాకా నడిచింది. ఒకరి మాట ఒకరికి తెలియకుండా అంతసేపు పోట్లాడుకోవడం నేనెక్కడా చూడలేదు. ఏడో ఇన్నింగ్సు మధ్యలో జనమంతా లేచి పాట పాడతారు. బావగారూ లేచారు, కాగితం గుండెకు ఆనించుకుని, గడి ఖాళీగా పోతుందేమోనని మైదానం వైపే చూస్తూ.

నా కళ్లు మాత్రం ఆటగాళ్లమీద వున్నాయి. 2023లో కుదిరిన ఒప్పందం ప్రకారం ఈ మెట్టుమీద కనీస జీతం ఏడాదికి 35,800 డాలర్లు. అదే యేడు పెద్ద లీగులో కనీసం 7,20,000. ఇరవై రెట్లు! పైనుంచి కబురు వస్తే రాత్రికి రాత్రి పెట్టె సర్దుకోవాలి, రాకపోతే ఇక్కడే. పదకొండేళ్లు టెంపరరీ గుమాస్తాగా పనిచేసినవాణ్ణి, నాకు వాళ్ల ముఖాలు తెలిసినవిలాగే కనిపించాయి.

బుల్స్ ఓడిపోయారు. బాణసంచా అయి ఇంటికి చేరేసరికి రాత్రి పదిన్నర దాటింది. మనవడు కారులో తాతగారి భుజంమీద నిద్రపోయాడు. ఆయన మోకాలు నొప్పెడుతున్నా కదల్లేదు.

నేను బయలుదేరే ముందురోజు బావగారి గదిలోకి వెళ్లాను. ఆ మొదటి రాత్రి మాట ఎత్తుతారేమోనని, ఏం చెప్పాలా అని బెంగగానే వెళ్లాను. ఆయన బల్లముందు కూర్చుని స్కేలుతో గళ్లు గీస్తున్నారు. "మంగళవారం మళ్లీ ఆట వుందిట," అన్నారు తలెత్తకుండా. "ఆ పెన్సిలు కాస్త చెక్కి పెట్టు."