క్లిప్పింగ్ అంత పాపమా?

మిక్సింగ్ నేర్పే ప్రతివాడూ మొదట చెప్పే నీతి: ఎర్రలైటు వెలగకూడదు, క్లిప్పింగ్ మహాపాపం! నాకు ఒళ్ళు మండేది ఇక్కడే.

16 బిట్ ఆడియోలో 32767 దాటితే శబ్దం తల తెగుతుంది, నిజమే. కానీ స్నేర్ డ్రమ్ దెబ్బ కొనని, ఒకటి రెండు మిల్లీసెకన్ల మేర, కావాలనే కోసి చూడండి. బర్రుమనదు సరికదా, బేసి హార్మోనిక్స్ చేరి దెబ్బ ఇంకా గట్టిగా తగులుతుంది. అదే లిమిటర్ పెడితే దెబ్బ తర్వాత వచ్చేవాటిని కూడా నొక్కేస్తుంది. కాకపోతే నైక్విస్ట్ దాటిన హార్మోనిక్స్ వెనక్కి మడతపడి గరగరమంటాయి, ఓవర్‌శాంప్లింగ్ మర్చిపోకండి.

మరి 2008లో మెటాలికా 'డెత్ మాగ్నెటిక్' సీడీ సంగతేంటంటారా? అక్కడ పాటలకి పాటల్నే కోసిపారేశారు, అభిమానులే గోల పెట్టారు. ఉప్పు ఎక్కువేసిన వంటవాణ్ణి తిట్టండి బాబూ, ఉప్పుని కాదు!