రేవు దగ్గర వెనుదిరగడం



కార్తికం రాగానే మా తిరువూరు ప్రాంతంలో వనభోజనాల ఊసు మొదలవుతుంది. ఉసిరిచెట్టు నీడన విస్తరి వేయడానికి మా చుట్టుపక్కల తోటలు చాలు. కానీ పిల్లలకు కృష్ణమ్మ కావాలి, పడవ కావాలి. మైలవరం, ఇబ్రహీంపట్నం మీదుగా బెజవాడ చేరి, రేవు దాటితే భవానీ ద్వీపం. 1957లో పూర్తయిన ప్రకాశం బరాజు ఎగువన, నిలిచిన నీటి నడుమ సుమారు 130 ఎకరాల పచ్చదనం. నగరం చెంతనే ఇంతటి చోటు ఉండడం మన భాగ్యం. నదీవిహారాలే మానుకొమ్మనే పెద్దలతో నేను ఏకీభవించను. నదిని చూడని పిల్లవానికి పద్యంలోని నదీవర్ణన ఎంత విప్పి చెప్పినా మాటగానే మిగులుతుందని తరగతిగదిలో తెలుసుకొన్నవాడను.

నా బాధ వేరు. మన విహారాలలో వెనుదిరగడానికి చోటు ఉంచుకోము.

2017 నవంబరు 12, కార్తిక ఆదివారం. ఇబ్రహీంపట్నం దగ్గర పవిత్ర సంగమం వద్ద పడవ బోల్తాపడి ఇరవైమందికి పైగా మరణించారు. అనుమతి లేని పడవ. ఎక్కినవారిలో చాలామందికి లైఫ్ జాకెట్లు లేవు. 2019 సెప్టెంబరు 15, మళ్ళీ ఆదివారమే. పాపికొండలకు బయలుదేరిన పడవ వరద గోదావరిలో కచ్చులూరు వద్ద మునిగినది. పడవలు నడిపేవారిపై తనిఖీలు, తప్పుచేస్తే శిక్షలు ఉండవలసినదే. పోయినవారిని తప్పుపట్టే అర్హత నాకు లేదు. ఎందుకో చెబుతాను.

ఉద్యోగపు రోజులలో ఒకమారు పిల్లలను కృష్ణకు తీసుకొనిపోయాను. పడవ నిండినది, నలుగురు పిల్లలు గట్టున మిగిలారు. "సర్దుకోండి మాస్టారూ, చిన్నపిల్లలే గదా!" అన్నాడు సరంగు. పడవ మళ్ళీ వచ్చేదాకా ఆగితే తిరుగు బస్సు అందదు. ఆ నలుగురినీ ఎక్కించాను. క్షేమంగా దిగాము. యాత్ర చక్కగా జరిగినదని అందరూ మెచ్చుకొంటే తలయూపాను. 2017 నాటి వార్త చదివిన రాత్రి ఆ నలుగురి ముఖాలు కళ్ళకు కట్టాయి. నా జాగ్రత్త అనుకొన్నది వట్టి అదృష్టమని అప్పటికి గాని తెలియలేదు.

ఉన్నది ఒక్క సెలవురోజు, వచ్చినది దూరాభారం, సొమ్ము ముందే కట్టేశాము. ఈ మూడూ కలిసి మనలను పడవలోకి నెడతాయి. 2024 సెప్టెంబరు మొదట్లో బరాజు నుండి 11 లక్షల క్యూసెక్కులకు మించి వరద పారినది. ద్వీపమూ నీట మునిగినది. అంతటి నది ఒకనాడు వద్దంటే మనకు వినే ఓపిక ఉండవద్దా?

కనుక నా మనవి. ప్రతి రేవులోనూ టిక్కెట్టు కిటికీ పక్కన, పడవకు ఎందరు ఎక్కవచ్చునో, జాకెట్లు ఎన్ని ఉన్నవో, ఆనాటి ప్రవాహం ఎంతో పెద్ద తెలుగు అక్షరాలలో వ్రాసిన పలక ఉండాలి. వెనుదిరిగినవారికి ప్రశ్నించకుండా సొమ్ము తిరిగి ఇవ్వాలి. ఉపాధ్యాయులు బయలుదేరే ముందే "పడవ కుదరకపోతే ఒడ్డునే భోజనం, ఒడ్డునే ఆటలు" అని పిల్లలకు చెప్పి ఉంచాలి. అప్పుడు రేవు దగ్గర "వద్దు" అనడం ఆశాభంగంగా తోచదు.

మీ ఊళ్ళ రేవులలో ఇట్టి పలకలు ఉన్నవేమో వ్యాఖ్యలలో తెలుపగలరు.