మంచం కింద దాచిన గేదె



రెండేళ్ల క్రితం యవ్వనస్థుల కూడికలో నేనొక మాట అన్నాను. ఆటలు పిల్లలకే, పెద్దవాడికి పని, ప్రార్థన చాలు అని గట్టిగానే చెప్పాను. అందులో సగం ఈ రోజు వెనక్కి తీసుకుంటున్నాను.

మా చెల్లెలి కుటుంబం అమెరికా నుంచి వచ్చినప్పుడు, వాళ్ల అబ్బాయి ఆడి వదిలేసిన లెగో బ్లాకులు ఒక సంచెడు మా ఇంట్లో పెట్టి వెళ్లారు. సండే స్కూల్ పిల్లలకు ఇద్దామనుకున్నాను. ఒక రాత్రి, సమాధి కార్యక్రమం ముగించి వచ్చాక నిద్ర పట్టక, ఆ సంచి చాప మీద గుమ్మరించాను. తెల్లారేసరికి ఒక గేదె తయారైంది. దాని వీపు మీద గొడుగేసుకున్న కాకి. నల్ల ముక్కలు చాలక గేదెకు ఒక కాలు ఎర్రగా వచ్చింది.

పిల్లలకు సగం ముక్కలే ఇచ్చాను. అదీ ఒప్పుకుంటున్నాను.

ఇప్పుడు వారంలో రెండు రాత్రులు కూర్చుంటాను. రెక్కలున్న ఆటో ఒకటి చేశాను. ముక్కలన్నీ పలకలుగానే ఉంటాయి, గేదె పొట్టేమో గుండ్రం. ఒక్కో వరుసను ఒక్కో బొడిపె బయటికి జరుపుకుంటూ వెళ్లి, మళ్లీ లోపలికి తీసుకురావాలి. ఆ లెక్కలో పడితే పగలు విన్న గొడవలు, అప్పులు, జబ్బులు కాసేపు నా మీద నుంచి దిగుతాయి. మర్నాడు వాటిని వినే ఓపిక మళ్లీ వస్తుంది.

ఇంత మంచిదైతే ఎందుకు దాచాను? సిగ్గు. ఎవరైనా గేటు తీసిన చప్పుడైతే గేదెను మంచం కిందకు తోసేవాణ్ణి. అమ్మగారు నవ్వేది. ఒకరోజు ప్రహరీ గోడ విషయం మాట్లాడటానికి మన సంఘ పెద్ద, తాపీ మేస్త్రి, వచ్చాడు. కింద మిగిలిపోయిన ముక్క మీద కాలేసి అబ్బా అన్నాడు. వంగి చూస్తే మంచం కింద గేదె కొమ్ములు కనిపించాయి. బయటకు తీసి, అటూ ఇటూ తిప్పి చూసి అన్నాడు: "అయ్యగారూ, అతుకు మీద అతుకు పెట్టారు. అందుకే నడుం దగ్గర విడిపోతోంది." ఆ రోజు ప్రహరీ గోడ మాట తర్వాత చూద్దామనుకున్నాం.

ఈ ముక్కల వెనకున్న మనిషి గురించి ఆ తర్వాతే చదివాను. డెన్మార్క్‌లోని బిల్లుండ్ అనే చిన్న ఊళ్లో ఓలే కిర్క్ క్రిస్టియన్‌సెన్ అనే వడ్రంగి, భక్తిపరుడు. మాంద్యంలో పనులు పడిపోయి 1932లో చెక్కబొమ్మల వైపు తిరిగాడు. ఆ ఏడాదే భార్య చనిపోయింది, ఇంట్లో నలుగురు కొడుకులు. అలాంటి రోజుల్లో బొమ్మలు చేసిన మనిషిని పనిలేనివాడని నేను అనలేను. 1934లో తన కంపెనీకి 'బాగా ఆడుకో' అనే అర్థం వచ్చే డేనిష్ మాటల నుంచి పేరు పెట్టాడు. ఇప్పటి ప్లాస్టిక్ ముక్కకు 1958లో పేటెంట్ తీసుకున్నారు. అప్పటి ముక్క ఇప్పటి ముక్కకు సరిగ్గా అతుక్కుంటుంది. ఎనిమిది బొడిపెల ముక్కలు ఆరుంటే 91 కోట్లకు పైగా రకాలుగా పేర్చవచ్చట.

ఉపయోగం లేనిది చేయడం పాపమని మనలో చాలామందికి లోపలెక్కడో ఉంది. నాకూ ఉండేది. కానీ 104వ కీర్తన చదవండి. సముద్రంలో ఆటలాడడానికే దేవుడు మకరాన్ని చేశాడని ఉంది. ఆ మకరం ఎవరికి పాలిస్తుంది, ఏ పొలం దున్నుతుంది?

ఫోన్ ఆటల గురించి అన్నది మాత్రం వెనక్కి తీసుకోను. అవి మనిషిని లేవనివ్వవు. ఇదైతే కావలసిన ముక్క దొరక్కపోతే అదే ఆగిపోతుంది, మనం వెళ్లి పడుకుంటాం. ఇంకో జాగ్రత్త: పెద్దవాళ్ల కోసమే 18+ అని రాసి అమ్మే పెట్టెలున్నాయి, కొన్ని వేలకు వేలు. వాటికోసం అప్పు చేశానని ఎవరూ నా దగ్గరకు రాకండి. పాత సంచి చాలు. అదీ లేకపోతే మట్టి ఉంది, తాటాకు ఉంది.

గేదె ఇప్పుడు ముందుగదిలో టీవీ పక్కన ఉంది. మేస్త్రి నడుం సరిచేశాడు. కాలు ఎర్రగానే ఉంది. ఆదివారం ఆరాధన అయ్యాక వచ్చి చూడండి. ఎడమ కొమ్ము మాత్రం ముట్టుకోవద్దు, ఊడిపోతుంది.