నీడ మాయమయ్యే రోజు బడి ఉంటుంది

మేళ్లచెరువులో ఖగోళ శాస్త్రం చెప్పాలంటే టెలిస్కోపు కావాలని, రాత్రి కావాలని చాలామంది టీచర్లు అనుకుంటారు. సిమెంటు ఫ్యాక్టరీ లైట్ల వెలుతురులో ఇక్కడ చిన్న చుక్కలు ఎలాగూ కనబడవు. సూర్యుడూ నక్షత్రమే కదా! సైన్సు టీచరుగా నేను అడిగేది ఒక నిటారు కర్ర, సుద్దముక్క, పట్టపగలు.

మన ఊరు దాదాపు 16.8 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. అందువల్ల ఏటా రెండుసార్లు సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు, కర్రకు నీడ ఉండదు. మే 7 ప్రాంతంలో వచ్చేది వేసవి సెలవుల పాలు. రెండోది ఆగస్టు 5, 6 తేదీల్లో, మధ్యాహ్నం పన్నెండుంపావు ప్రాంతంలో. అప్పుడు బడి నడుస్తుంటుంది. మబ్బు పట్టినా నష్టం లేదు. బడి తెరిచిన జూన్ నుంచే నీడ కొలిస్తే, మిట్టమధ్యాహ్నం అది దక్షిణానికి పడుతుంది. ఆగస్టు రెండో వారానికల్లా ఉత్తరానికి తిరుగుతుంది. ఎందుకు తిరిగిందని పిల్లలే అడుగుతారు. సరిగ్గా పన్నెండుకే నీడ ఎందుకు పోలేదని ఇంకొకరు పట్టుకుంటారు. మన గడియారం 82.5 డిగ్రీల రేఖాంశాన్ని బట్టి నడుస్తుంది, మనమేమో దానికి పడమర 80 డిగ్రీల దగ్గరున్నాం. పది నిమిషాల తేడా అక్కడే వచ్చింది. మిగతా ఆరు నిమిషాల లెక్క భూమి కక్ష్యలో, దాని వంపులో ఉంది. ఆ జవాబు టీచరు వెంటనే చెప్పేయకూడదు, వారం రోజులు వాళ్లనే తవ్వుకోనివ్వాలి.

ఖగోళ శాస్త్రవేత్త వేణు బప్పు తండ్రి హైదరాబాదు నిజామియా అబ్జర్వేటరీలో పనిచేశారు. టెలిస్కోపుల మధ్య పెరిగిన ఆ కుర్రాడు 1949లో ఒక తోకచుక్కను కనిపెట్టినవాళ్లలో ఒకడయ్యాడు. మన పిల్లలకు అలాంటి ఇల్లు దొరకదు. బడే దొరకాలి.

1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం మన ఉమ్మడి నల్గొండ జిల్లా మీదుగానే సాగింది. జపాల్-రంగాపూర్ అబ్జర్వేటరీలో శాస్త్రవేత్తలు దాన్ని పరిశీలిస్తుంటే, ఇళ్లల్లో పెద్దలు తలుపులు బిగించి పిల్లల్ని లోపల కూర్చోబెట్టారు. మళ్లీ 2027 ఆగస్టు 2, సోమవారం, సాయంత్రం పూట మనకు పాక్షిక గ్రహణం ఉంది. నీడ మాయమయ్యే వారమే అది! మండలంలోని హెడ్మాస్టర్లను ఇప్పుడే కోరుతున్నాను: ఆ రోజు పిల్లల్ని తొందరగా ఇంటికి పంపకండి. గ్రహణం కళ్లద్దాలు ముందే తెప్పించండి, వాటితో తప్ప సూర్యుణ్ణి చూడనివ్వకండి. అద్దాలు చాలకపోతే అట్టముక్కకు సూదితో బెజ్జం పెట్టి, దాని గుండా పడే సూర్యబింబాన్ని తెల్లకాగితం మీద చూపించండి. తల్లిదండ్రులనూ పిలవండి.