తోలు మందం చేసుకోమనే భాయ్‌లకు

"ఓపెన్ సోర్స్‌లో ఉండాలంటే తోలు మందంగా ఉండాలి భాయ్." ఈ నసీహత్ విని విని నాకు చిరాకొచ్చేసింది దోస్తులారా. జీతం లేకుండా, పిల్లలు పడుకున్నాక మెహనత్ చేసేవాడు తిట్లు కూడా ఎందుకు తినాలి?

నా సంగతే చెప్తాను. ఒక చిన్న ప్రాజెక్టుకు ప్యాచ్ పంపాను, మూడు రాత్రుల పని. మెయింటెయినర్ "చదవకుండానే పంపినట్టున్నావ్" అని ఒక్క ముక్క రాసి మూసేశాడు. నాకు గుస్సా వచ్చింది. అందరి ముందూ ఎనిమిది పేరాలు దులిపేసి పడుకున్నాను. తెల్లారి చూస్తే ముక్కూమొహం తెలియని వాళ్లు రెండు పార్టీలైపోయారు. తమాషా చూసేవాళ్లున్నప్పుడు ఎవడు తగ్గుతాడు చెప్పండి? చివరికి మూడో మనిషి ఒకడు ఇద్దరినీ కాల్‌లో కూర్చోబెట్టాడు. తేలిందేమిటంటే, నా వంకర ఇంగ్లీషులోని విన్నపం అతనికి హుకుంలా వినిపించిందట! పదిహేను నిమిషాల్లో సులహ్ అయిపోయింది.

నియమాలు రాస్తే చాలంటారు కొందరు. లినక్స్ కెర్నెల్ వాళ్లు 2015లోనే 'కోడ్ ఆఫ్ కాన్‌ఫ్లిక్ట్' అని ఒక కాగితం రాసుకున్నారు. తిట్లేమీ ఆగలేదు. 2018 సెప్టెంబరులో సాక్షాత్తూ లినస్ టోర్వాల్డ్స్, 4.19 నాలుగో ఆర్‌సీ ప్రకటనలోనే, ఈమెయిళ్లలో తాను మనుషుల మీద చేసిన దాడులు తప్పని ఒప్పుకుని మాఫీ అడిగాడు, కొన్నాళ్లు పక్కకు తప్పుకున్నాడు. గ్రెగ్ క్రోవా-హార్ట్‌మన్ ఆ 4.19ని పూర్తి చేశాడు. కెర్నెల్ ఏమీ కూలిపోలేదు. బద్‌తమీజీ లేకపోతే క్వాలిటీ పోతుందనే భాయ్‌లు దీనికి జవాబివ్వాలి.

నోటి దురుసు ఒట్టి ఇజ్జత్ సమస్య కూడా కాదు. ఎక్స్‌జెడ్ యూటిల్స్ సంగతి గుర్తుందా? ఒక్క మనిషి ఫ్రీగా మోస్తున్న ప్రాజెక్టు అది. 2022లో కొన్ని ఖాతాలు అతని మీద పడి, ఆలస్యం చేస్తున్నావ్, ఇంకొకరికి అప్పగించు అని సతాయించాయి. అవి ఫేక్ ఖాతాలేనని చాలామంది నిపుణుల అనుమానం. ఆ తర్వాత హక్కులు దక్కించుకున్న 'సహాయకుడే' 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగ తలుపు పెట్టాడు. ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్ అర సెకను లేటవుతోందని ఆండ్రెస్ ఫ్రాయిండ్ తవ్వబట్టి 2024 మార్చిలో బయటపడింది గానీ, లేకపోతే ఎన్ని సర్వర్లు పరేషాన్ అయ్యేవో! ఆ సతాయింపు జరిగేటప్పుడు "అతన్ని వదిలేయండి" అని అడ్డం పడే పెద్దమనిషి ఒక్కడు లేకపోయాడు.

అందుకే నేనడిగేది కోడ్ రివ్యూ ఆపమని కాదు. ప్యాచ్‌ను చీల్చి చెండాడండి, మనిషిని వదలండి. తకరార్ మూడో జవాబు దాటితే రాయడం ఆపి ఫోనెత్తండి. ఇద్దరికీ సంబంధం లేని ఒక సాలిస్‌ను ప్రాజెక్టు ముందే పెట్టుకోవాలి, గొడవయ్యాక వెతుక్కోకూడదు. ఇంకొకటి, పదిమందిలో తిట్టి ప్రైవేటులో మాఫీ అడగడం ఇన్సాఫ్ కాదు.

నేను ఆ ఎనిమిది పేరాల కింద రెండు లైన్ల మాఫీ రాశాను. నా పేరు వెతికితే ఇప్పటికీ ముందు ఆ ఎనిమిది పేరాలే వస్తాయి.